టీకాల రాయమల్లు వంకర బాట

టీకాల రాయమల్లు నౌకరీ ఒక ఆడమనిషి వల్ల పోయిందని మా ఎర్రగుంటపల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సుల్తానాబాదు నుంచి మా ఊరికి నాలుగు కోసుల తిన్నని మొరం సడక్ ఉంది. ఆయన దాన్ని వదిలి, వాగులో దిగి, పొలం గట్ల మీద పడి, గుట్ట కింద ఒంటరిగా ఉండే ఎల్లక్క బావి మీదుగా ఆరు కోసులు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఎల్లక్కకు మొగుడు లేడు. అంత చుట్టు తిరిగి వచ్చేవాడికి ఇంకేం పని ఉంటుంది అంటారు. ఈ మాట చెప్పేటప్పుడు మగవాళ్లు నవ్వుతారు. ఆడవాళ్లు నవ్వరు గాని కాదని కూడా అనరు.

ఆయన చనిపోయి రెండేళ్లయింది. మొన్న కూడా మా వాకిట్లో ఎవరో ఈ మాటే అన్నారు. బాపు విని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకని నేను చూసింది కాగితం మీద పెడుతున్నాను.

మాది సాలెల ఇల్లు. నాన్నను బాపు అంటాం, పేరు లక్ష్మీరాజం. రెండు మగ్గాలుండేవి. అమ్మను అవ్వ అంటాం; అవ్వకు ఆయాసం, దమ్ము జబ్బు వచ్చి కండెలు చుట్టేవాళ్లు లేక నా చదువు ఐదో తరగతితో ఆగింది. అప్పటి నుంచి పొద్దంతా వాకిట్లో రాట్నం ముందు కూర్చునేదాన్ని. ఆ పనికి చేతులు చాలు, కండ్లు ఖాళీగా ఉంటాయి. మా ఇల్లు ఊరి మొదట్లో ఉండడం వల్ల రెండు తొవ్వలూ కనబడేవి. ఎడమ దిక్కున సుల్తానాబాదు సడక్. కుడి దిక్కున గుట్టల నుంచి దిగే కాలిబాట. రాయమల్లు ఎప్పుడూ కుడి దిక్కు నుంచే వచ్చేవాడు. సైకిలు కంటే ముందు దాని చప్పుడు వచ్చేది. చెయిన్ మీద రేకు ఊడిపోయి, గుట్ట దిగేటప్పుడు గలగలమనేది.

ఆయనది సుల్తానాబాదు దగ్గర ఒక ఊరి బయటి వాడ. తండ్రి మస్కూరి. తాసీలు చిట్టీలు పట్టుకొని ఊరూరికీ నడిచేవాడు. రాయమల్లుకు ఏడేళ్లప్పుడు ఇంట్లో ముగ్గురు పిల్లలకు అమ్మతల్లి, అదే మశూచి, పోసింది. మిగిలింది ఆయన ఒక్కడే. మొహం నిండా గుంటలు, ఎడమ కంటి మీద తెల్లటి పొర. పోలీసు యాక్షన్ అయిన మరుసటి యేడు ఒక ముసలి టీకాలాయన వెంట పెట్టె మోయడానికి కుదిరాడు. ముసలాయన రిజిస్టరు రాస్తుంటే పక్కన నిలబడి చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాడు. ముసలాయన పింఛను తీసుకున్నాక ఆ పెట్టె, ఆ రిజిస్టరు, ఆయన తొక్కిన పాత సైకిలు మూడూ రాయమల్లు చేతికి వచ్చాయి. గుట్టల కింది పదకొండు పల్లెలు ఆయన వంతు. మాది అందులో మొదటిది.

మందు కరీంనగర్ నుంచి పొద్దున బస్సులో వచ్చేది. సన్నటి గాజు గొట్టాలు, చుట్టూ మంచు. బస్సు సుల్తానాబాదు చేరేసరికి మంచు నీళ్లయ్యేది. అక్కడి నుంచి మా దిక్కుకు బస్సు లేదు. రాయమల్లు గొట్టాలను చిన్న మట్టి కూజాలో పెట్టి, కూజాకు గోనెపట్టా చుట్టి, దాన్ని తడిపి హ్యాండిలుకు వేలాడగట్టేవాడు. మా వాకిట్లో సైకిలు ఆపితే ఆ గోనె నుంచి నీటి చుక్కలు పడుతూ ఉండేవి. ముందు చక్రం కింద చిన్న తడి మచ్చ ఏర్పడేది.

నా చెల్లె నర్మదకు ఆ కూజా అంటే ఇష్టం. ఆయన రాగానే పోయి దాని ముందు కూర్చునేది.

"రాయమల్లూ, నీ కూజకు అంగీ ఎందుకు తొడిగినవ్?"

"ఎండ కొడ్తది గద బిడ్డా. దానికి చెమట పోయాలె."

"కూజకు చెమట పోస్తదా?"

"పోస్తెనే లోపల మందు బతుకుతది. గోనె ఎండిందంటే మందు సచ్చినట్టే."

"సచ్చిన మందు ఏస్తే ఏమైతది?"

"ఏం గాదు. గదే పరేషాన్."

ఒకసారి మేకు తీసుకొని ఆమెకు తన తొవ్వ మొత్తం మా వాకిట్లో మట్టి మీద గీసి చూపించాడు. నేను కండె ఆపి చూశాను. సుల్తానాబాదు దాటాక సడక్ మీద కొంత దూరం. తర్వాత ఎడమకు తిరిగితే వాగు. వాగు ఇసుకలో చక్రం దిగబడుతుంది కాబట్టి సైకిలు భుజానికెత్తుకోవాలి. అవతలి ఒడ్డున వరి పొలాల గట్లు. అడుగు వెడల్పు కూడా ఉండవు. రెండు కాళ్లూ చాపి గట్టుకు ఆనించుకుంటూ పోవాలి. తర్వాత జొన్నచేండ్లు, ఈతచెట్ల నీడ. అక్కడి నుంచి ఎర్రమట్టి, రాళ్లు, మోదుగు చెట్లు, ఇప్పచెట్లు. అక్కడ ఎక్కుడే ఎక్కుడు. గుట్ట అంచున ఎల్లక్క బావి. బావి దాటి బోడగుట్ట భుజం మీదుగా వంక తిరిగితే, ఇక మా ఊరి దాకా పెడలు తొక్కే పని లేదు.

"గీడ దిగాలె. గీడ దాన్ని నేను మొయ్యాలె," అన్నాడు. "మిగిలిన తొవ్వంత అది నన్ను మోస్తది. గందుకే మాకిద్దరికి పంచాయితి లేదు."

నర్మద పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని తల వంచుకున్నాను.

ఆయన మా అరుగు మీద కూర్చునేవాడు కాదు. అరుగు కింద గొంతుక్కూర్చుని రిజిస్టరు తొడ మీద పెట్టుకొని రాసేవాడు. దాహమంటే అవ్వ చెంబు పైకెత్తి ఆయన దోసిట్లో నీళ్లు పోసేది. కూజా మీద కూడా అట్లాగే పైనుంచి పోసేది. టీకా వేసిన పిల్లలను తల్లులు ఇంటికి తీసుకుపోయి తలమీద నుంచి నీళ్లు పోసేవారు. ఎందుకో ఆయనకు తెలుసు. "అవ్వా, గా చెయ్యికి మాత్రం నీళ్లు తాకనియ్యకుండ్రి, మిగిలిన పెయ్యికి పోసుకొండ్రి," అని ఇంటింటికీ చెప్పేవాడు. ఇవన్నీ నా కండ్ల ముందే జరిగేవి. ఊళ్లో ఎప్పుడూ జరిగేవే కాబట్టి వాటి గురించి నేనేమీ అనుకోలేదు.

ఊరివాళ్లకు ఆయన మీద ఉన్న కోపం అబద్ధం కాదు. పది గంటలకు రావలసినవాడు ఒంటిగంట దాటాక వచ్చేవాడు. పిల్లలకు టీకాలని మగ్గాలు దిగి కూర్చుంటే ఒక పూట పని పోయేది. కలుపుకు పోయే తల్లులు చూసి చూసి పిల్లలను తీసుకొని చేనుకు పోయేవారు. ఊరి నడుమ చాయ్ హోటలు నడిపే పర్శరాములు ఈ కోపానికి ఒక కథ అతికించాడు. గుట్టల్లో కట్టెలకు పోయిన ఎవరో ఎల్లక్క బావి దగ్గర రాయమల్లు సైకిలు చూశారట. అంతే.

"సడక్ మీద నాలుగు బావులున్నయ్," అనేవాడు పర్శరాములు. "మందుకు నీళ్లు గావాలంటడు. మంచిదే. నాలుగు బావులు ఇడిసిపెట్టి గుట్ట కింది బావే ఎందుకు గావాలె? గా నీళ్లల్ల బెల్లం కలిసిందా?"

ఒకనాడు రాయమల్లును ముఖం మీదే అడిగాడు. అప్పుడు నేను హోటలు పక్కన కిరాణం దుకాణంలో ఉన్నాను.

"ఏం రాయమల్లూ, ఎల్లక్క ఏం కూర వండింది ఇయ్యాల?"

"కూర లేదు, ఏం లేదన్నా. జరన్ని నీళ్లు దొరికినయ్."

"సడక్ మీద నీళ్లు లేవా మరి?"

రాయమల్లు సైకిలు ఆపి నిలబడ్డాడు. బాగున్న కన్నుతో పర్శరాములును, హోటల్లో కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"ఉన్నయన్నా," అన్నాడు. "నాలుగు బావులున్నయ్."

సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. హోటల్లో ఒకటే నవ్వులు. "ఒప్పుకున్నడు, నోటితోనే ఒప్పుకున్నడు!" అని పర్శరాములు తొడ చరుచుకున్నాడు.

ఆ సంక్రాంతి వెళ్లాక మావాళ్లంతా కలిసి పై ఆఫీసుకు అర్జీ పెట్టాలనుకున్నారు. సంవత్సరం పంతొమ్మిది వందల యాభై తొమ్మిది. పట్వారీ ఊళ్లో లేడు. బాపు నన్ను పిలిచాడు.

"సరోజనా, నీ అక్షరం గుండ్రంగుంటది. గీ నాలుగు ముక్కలు రాయి బిడ్డా."

నాకు పద్నాలుగేండ్లు. చదువు ఆగి నాలుగేండ్లయినాక ఒకరు నన్ను రాయమనడం అదే మొదలు. పర్శరాములు చెబుతుంటే రాశాను. టీకాల రాయమల్లు సర్కారు సడక్ విడిచి, ఒక ఆడమనిషి కొరకు గుట్టల బాటన తిరిగి, మధ్యాహ్నం దాటాక ఊరికి వచ్చుచున్నాడని రాశాను. 'ఆడమనిషి కొరకు' అన్న దగ్గర కలం ఆగింది. కూజా గుర్తొచ్చింది. నీళ్ల కోసమే పోతున్నాడేమో అనిపించింది. కాని నీళ్లు సడక్ మీద కూడా ఉన్నాయి కదా. నాలుగు బావులు. పర్శరాములు అన్నది నాకూ నిజమే అనిపించింది. కలం మళ్లీ సిరాలో ముంచి ఆ మాట రాశాను. కింద ఎనిమిది మంది వేలిముద్రలు వేశారు. బాపు సంతకం చేశాడు.

నెల తిరగకముందే ఆర్డరు వచ్చింది. రాయమల్లు సడక్ మీదనే రావాలి. దారిలో ఉన్న ప్రతి ఊళ్లో పోలీసు పటేలు చేత వచ్చిన గంట రాయించి సంతకం తీసుకోవాలి.

ఫాల్గుణ మాసం చివర, మోదుగులన్నీ పూసి రాలిపోయాక, ఆయన మొదటిసారి ఎడమ దిక్కు నుంచి వచ్చాడు. పదిన్నర కూడా కాలేదు. ఎండ అప్పటికే మండుతోంది. ఊరంతా సంబరపడింది. "సూసినవా, చెప్తే ఎట్ల దారికొచ్చిండో," అన్నాడు పర్శరాములు. అప్పటికే పిల్లలు మా వాకిట్లో చేరారు. నేను ఎప్పటిలాగే ముందు చక్రం కిందికి చూశాను. మట్టి మీద తడి మచ్చ లేదు. గోనెపట్టా ఎండి బిరుసెక్కి ఉంది.

నర్మద కూడా చూసింది. "రాయమల్లూ, ఇయ్యాల నీ కూజకు చెమట పోయలే."

"లేదు బిడ్డా. పోయలే."

ఆయన కూజా విప్పి ఒక్కొక్క గొట్టం తీసి బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత బాపు దగ్గరికి వచ్చి, దూరంగా ఆగి, మెల్లగా అన్నాడు.

"బాంచెన్, ఇయ్యాల వద్దు. మందు మీద నాకు నమ్మకం లేదు. రేపటి బస్సుకు చిట్టీ పంపి కొత్తది తెప్పిస్త. ఎల్లుండి గుట్ట బాటకెల్లి పట్టుకొస్త. ఆర్డరు సంగతి నేను సూసుకుంట."

"మల్ల గుట్ట బాటనా?" బాపు గొంతు లేచింది. "మగ్గాలు దిగి కూసున్నం. నువ్వు నీ ఎల్లక్క తానికి పోవుడానికి మా పిల్లలు సాకా? ఏసిపో."

"ఏసిపో, ఏసిపో," అన్నారు అందరూ.

నేను రాట్నం దగ్గర ఉన్నాను. గోనె ఎండిపోయిందని నాకు తెలుసు. గోనె ఎండితే మందు చస్తుందని ఆయన చెప్పగా విన్నదాన్ని నేనూ నర్మదా మాత్రమే. బాపూ అనాలని నోరు తెరిచాను. వాకిలి నిండా మగవాళ్లు. నోరు మూసుకొని కండె చుట్టాను.

ఆయన ఇరవై ముగ్గురు పిల్లలకు టీకాలు వేశాడు. ముళ్లున్న చిన్న బిళ్లను చేయి మీద పెట్టి తిప్పేవాడు. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. నర్మద కూడా ఏడ్చింది. నాలుగేండ్ల పిల్ల. అంతకుముందు యేడు జ్వరమని వేయించలేదు, అందుకే అదే మొదటిసారి.

ఎనిమిదో రోజు ఆయన పొక్కులు చూడడానికి వచ్చాడు. ఈసారి కుడి దిక్కు నుంచి, ఒంటిగంట దాటాక. గోనె నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కొక్క పిల్ల చేయి పట్టుకొని చూసుకుంటూ పోయాడు. ఎవరికీ పొక్కు లేవలేదు. గీతలు మానిపోయి చేతులు నున్నగా ఉన్నాయి. ఊళ్లో తల్లులు మాత్రం సంతోషంగా ఉన్నారు.

"ఈసారి మంచిగ ఏసినవ్ రాయమల్లూ," అన్నది ఒకామె. "ఎన్కటి తీరు జరం లేదు, చీము లేదు. పిల్లలు ఆడుకుంటుండ్రు."

పర్శరాములు కూడా ఆయనను పిలిచి చాయ్ పోశాడు, హోటలు బయట గూట్లో విడిగా పెట్టే గ్లాసులో. రాయమల్లు ఆ గ్లాసు ముట్టలేదు.

"పొక్కు లేవాలె అవ్వా. లేస్తెనే పనిచేసినట్టు. మల్ల ఎయ్యాలె. కొత్త మందు తెచ్చిన."

"లేవాల్నా? లేస్తే మంచిదా? పోవయ్యా పో."

"నా మొకం సూడుండ్రి," అన్నాడు ఆయన. రెండు చేతులతో తన చెంపలు చూపించాడు. "జర సూడుండ్రి."

కొందరు చూశారు. కొందరు పిల్లలను ఎత్తుకొని లోపలికి పోయారు. ముగ్గురు మాత్రం మళ్లీ వేయించుకున్నారు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు, ముత్తయ్య మనుమలు. నర్మద మగ్గం గుంటలో దాక్కుని ఏడుస్తుంటే అవ్వ, "వచ్చే వారం ఏద్దాంలే," అన్నది. అప్పుడు కూడా నేను మాట్లాడలేదు. వాకిట్లో మగవాళ్లు లేరు. అవ్వ ఒక్కతే ఉంది. అయినా మాట్లాడలేదు.

వచ్చే వారం ఆయన రాలేదు. ఆర్డరు కాదని గుట్ట బాటన తిరిగాడని ఎవరో కబురు పంపితే పై ఆఫీసు వాళ్లు పిలిపించుకొని కూర్చోబెట్టారు.

వైశాఖంలో గుట్టల అవతల, ఆదిలాబాదు జిల్లా నుంచి బండ్ల మీద వచ్చిన వాళ్లతో అమ్మతల్లి మా పల్లెల్లోకి వచ్చింది. ఒక వాకిటికి వేపమండ కట్టారు. మరునాడు నాలుగు వాకిళ్లకు. మా ఇంటికి పన్నెండో రోజు కట్టారు. పొయ్యి మీద పోపు వేయడం ఆపాం. మగ్గం చప్పుడు వినిపించకూడదని బాపు నేయడం ఆపాడు. నర్మద ఒళ్లు ఎక్కడా వేలు పెట్టే జాగా లేకుండా అయింది. వేపమండతో విసురుతూ నేను పక్కన కూర్చునేదాన్ని. నాలుగు రోజుల తర్వాత ఆమెకు కండ్లు మూసుకుపోయాయి. ఒకసారి, "సైకిల్ వచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను.

ఆ మరునాడే వచ్చింది. చెయిన్ గలగల కుడి దిక్కు నుంచి వినిపించింది. నేను గుమ్మంలోకి వచ్చాను. రాయమల్లు వేపమండ చూసి వాకిలి బయటనే ఆగిపోయాడు. హ్యాండిలుకు కూజా లేదు. పెట్టె లేదు. నౌకరీ మీద కాదు, ఊరికే వచ్చాడు. అవ్వ లోపలి నుంచి బయటికి వచ్చింది.

"ఎందుకొచ్చినవ్? నీ చెయ్యి తగిలినంకనే నా బిడ్డకిట్లైంది. పో!"

ఆయన తల వంచుకున్నాడు. అవ్వ లోపలికి పోయాక నన్ను అడిగాడు, "బిడ్డ మాట్లాడుతున్నదా?"

"నిన్న మాట్లాడింది."

"ఏమన్నది?"

చెప్పలేదు. ఆయన సైకిలు తిప్పుకొని వచ్చిన తొవ్వనే పోయాడు. ఎక్కి తొక్కలేదు. కనిపించినంత దూరం నడిపించుకుంటూనే పోయాడు.

నర్మద తొమ్మిదో రోజున పోయింది. మా ఊళ్లో ఆ ఇరవై ముగ్గురిలో పద్నాలుగు మందికి వచ్చింది, ఆరుగురు పోయారు. ముత్తయ్య మనుమలు ముగ్గురికీ ఏమీ కాలేదు. ఆ ఇంటికి తల్లి కరుణ ఉందని అన్నారు.

విచారణకు ఒక ఆఫీసరు జీపులో వచ్చి మా ఇంటి ఎదుట కుర్చీ వేయించుకున్నాడు. రిజిస్టరులో ఇరవై ముగ్గురికి టీకాలు వేసినట్టు రాయమల్లు రాత ఉంది. పొక్కులు లేవలేదని కూడా ఆయన రాతే ఉంది. ఎందుకు లేవలేదని అడిగితే ఊళ్లో అందరూ ఒక్క మాటే చెప్పారు. బుద్ధి పనిమీద లేదు, ఎల్లక్క మీద ఉందన్నారు. నేను రాసిన అర్జీ ఆఫీసరు ఫైలులో ఉంది. తీసి చదివి వినిపించాడు. గుండ్రటి అక్షరాలు మా వాకిట్లో నుంచి కూడా నాకు కనబడ్డాయి. రాయమల్లును ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు.

"గోనె ఎండింది దొరా," అన్నాడు.

"సడక్ మీద నీళ్లు లేవా?"

"ఉన్నయి దొరా."

ఆఫీసరు రాసుకున్నాడు. నౌకరీ పోయింది. పెట్టె, రిజిస్టరు తీసుకున్నారు. సైకిలు ముసలాయన ఇచ్చింది కాబట్టి అది మిగిలింది. తర్వాత ఏడేండ్లు ఆయన సుల్తానాబాదులో బస్సులు ఆగే చోట, సైకిళ్ల పంక్చర్లు అతుకుతూ బతికాడు. ఆయన భార్య సత్తమ్మ బీడీలు చుట్టేది. మావాళ్లెవరైనా పంక్చరు కోసం ఆగితే ఊళ్లో పిల్లల పేర్లు అడిగేవాడట. అరవై ఆరులో జ్వరం వచ్చి పోయాడు. ఆ సైకిలు ఏమైందో నాకు తెలియదు.

పోయిన ఫాల్గుణంలో బాపుకు కండ్లు సరిగా కనిపించక, నేసిన చీరలు సుల్తానాబాదు సొసైటీకి నేనే మోసుకుపోయాను. సడక్ మీద నాలుగు కోసులూ నడవడం అదే మొదలు. పొద్దెక్కేసరికి గొంతు ఎండింది. ఒక బావి దగ్గర ఆగి చేద వేసి తోడుకొని తాగాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి అక్కడ ఎవరూ లేరు కూడా. తాగి తలెత్తితే ఇరవై అడుగుల దూరంలో తుమ్మచెట్టు కింద ఒక ముసలాయన ఖాళీ ముంత ముందు పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపైంది తాతా?" అని అడిగాను.

"ఎవరన్న వస్తరని సూస్తున్న బిడ్డా. జర పోస్తవా?"

పోశాను.

తిరిగి వచ్చేటప్పుడు సడక్ మీద రాలేదు. నర్మదకు మట్టి మీద గీసి చూపించిన బాటన వచ్చాను. వాగు, గట్లు, జొన్నచేండ్లు, ఈతచెట్లు అన్నీ ఆయన గీసినచోటనే ఉన్నాయి. ఇప్పపూలు తొవ్వంతా రాలి ఉన్నాయి. ఎల్లక్క బావి గట్టు మీద మిరపకాయలు ఆరబోస్తోంది. ముసలామె అయింది. నేను ఎవరో చెప్పాను. ఎర్రగుంటపల్లె అనగానే మొహం తిప్పుకుంది. నేనే అడిగాను.

"రాయమల్లు గీడికొస్తే ఎంతసేపు కూసుంటుండె?"

"కూసునుడా?" అన్నది. "సైకిలు కింద వెట్టక పోతుండె. చేద ఏసుడు, గోనె తడుపుడు, పోవుడు. బువ్వ తినిపో తమ్మీ అంటే, మందు సస్తదక్కా అంటుండె. మీ ఊరోళ్లు నన్నేమేమో అన్నరట."

నేను తల వంచుకున్నాను.

"గీ బాయి నా పెనిమిటి, నేను తవ్వినం," అన్నది ఎల్లక్క. "గడ్డపార ఆయనది, తట్ట నాది. మా వాడోళ్లు చేద ఏసుకుంటే గీడ అడిగెటోడు లేడు."

లేచి తానే చేద వేసి నీళ్లు తోడి, తాగమని నా ముందు పెట్టింది. నీళ్లు పండ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. తాగి ఇంటికి వచ్చాను.

సుల్తానాబాదు సడక్ మీద నాలుగు బావులున్న మాట నిజమే. మొదటిది పటేలుది. రెండోది రెడ్లది. మూడోది నేను చేద వేసి తాగింది, అది కోమట్లు తవ్వించింది. నాలుగోది మా ఊరికి అర కోసు ఇవతల, మా సాలెలు నూలు తడుపుకునే బావి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ రాయమల్లు చేద వేయడానికి లేదు.